హైదరాబాద్‌లో ఉంటూ యుద్ధం వల్ల ఊరు వదిలిన పిల్లలకు కుటుంబంగా ఏం చేయొచ్చు? మా ఎనిమిదేళ్ల అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మియాపూర్‌లో ఉంటారు, ఇద్దరూ ఐటీ ఉద్యోగస్తులే, పాపకు పన్నెండు, బాబుకు ఎనిమిది. టీవీలో గాజా, సూడాన్ పిల్లల్ని చూసి పాప "మనం ఏమీ చేయలేమా" అని అడిగింది. డబ్బు పంపి ఊరుకోకుండా ఈ ఊళ్లోనే నలుగురూ కలిసి చేసే పని ఏదైనా ఉందా, పిల్లల్ని వెంట తీసుకెళ్లొచ్చా, పోలీసులతో తలనొప్పి వస్తుందా అని అడిగారు.

ఉంది. మీ ఇంటి నుంచి ఔటర్ ఎక్కితే గంటలో చేరే దూరంలోనే ఉంది. బాలాపూర్ అంటే మనందరికీ వినాయకుడి లడ్డూ వేలంపాటే గుర్తొస్తుంది. ఆ బాలాపూర్ రాయల్ కాలనీ చుట్టుపక్కల, ఇంకా షాహీన్‌నగర్, పహాడీషరీఫ్, కిషన్‌బాగ్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు కొన్ని వేల మంది ఏళ్లుగా ఉంటున్నారు. మీరు ఇవ్వగలిగిన వాటిలో వాళ్ల పిల్లలకు బాగా పనికొచ్చేది వారానికి రెండు గంటలు, ఒకే రోజు, ఒకే టైముకు, కనీసం ఒక విద్యా సంవత్సరం. అంత కుదరదనుకుంటే వెళ్లకపోవడమే నయం. కటువుగా అంటున్నానని అనుకోకండి, ఎందుకో కింద చెప్తాను. మీ పిల్లల్ని మాత్రం మొదటి మూడు నెలలు ఇంట్లోనే ఉంచండి. పోలీసుల సంగతంటారా, పిల్లలకు పాఠం చెప్పడం నేరం కాదు. కానీ మంచి చేయబోయి నేరంలో కాలు పెట్టే చోట్లు రెండు మూడు ఉన్నాయి, అవీ చెప్తాను.

మా గురించి రెండు ముక్కలు. నేను ఇరవై నాలుగేళ్లుగా లెక్కల టీచర్ని. మా ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. కర్మన్‌ఘాట్‌లో ఉంటాం. 2017 అక్టోబరులో మొదలుపెట్టాం, అప్పటికి అమ్మాయికి పదమూడు, అబ్బాయికి తొమ్మిది. మా అత్తగారు కూడా వచ్చేవారు. ఈ పనిలో అసలు మనిషి ఆవిడే, ఆ కథ తర్వాత.

ఆ ఏడాది ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైన్యం ఊళ్ల మీద పడితే ఏడు లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ చేరారు. అందరిలాగే మేమూ టీవీలో చూశాం. అయితే మన ఊళ్లో ఉన్నవాళ్లు చాలామంది అంతకు ముందే వచ్చినవాళ్లు. 2012లో అక్కడ జరిగిన గొడవల తర్వాత, బంగ్లాదేశ్ మీదుగా, కొందరు ఢిల్లీ, జమ్మూల్లో కొన్నాళ్లుండి ఇక్కడికి చేరారు. 1982లో అక్కడ వచ్చిన పౌరసత్వ చట్టం వాళ్లకు సొంత దేశమంటూ లేకుండా చేసింది. ఈ ముక్క తెలియకపోతే ఇక్కడ పిల్లల సమస్య కూడా అర్థం కాదు.

మొదటి తప్పు: కారు నిండా బొమ్మలు

దీపావళి బోనస్ వచ్చిన ఊపులో మా ఆయన సుల్తాన్‌బజార్ నుంచి బొమ్మలు పట్టుకొచ్చారు. రిమోట్ కార్లు, బార్బీల్లాంటివి, మొత్తం నలభై. అక్కడికి వెళ్తే పిల్లలు డెబ్బైకి పైనే. ఏం జరిగుంటుందో మీరే ఊహించుకోండి. జుట్లు పట్టుకున్నారు. పెద్దవాళ్లు వచ్చి విడదీశారు, మా వైపు చూసిన చూపులో థాంక్స్ లేదు. వచ్చే ఆదివారం వెళ్తే ఆ కార్లలో మూడు ఒక గుడిసె ముందు విప్పి పడున్నాయి. అక్కడ చాలామంది బతుకు చిత్తు ఏరడం, తుక్కు వేరు చేయడం. ఓ పదేళ్ల వాడు మోటారు విప్పి రాగి తీగ ఒక పక్కన, ప్లాస్టిక్ ఒక పక్కన, చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుంటున్నాడు. నాకు కోపం వచ్చింది, దాచుకోను. తర్వాత ఆలోచిస్తే, వాడి చేతిలో ఆ బొమ్మకు దక్కిన ఉపయోగం మా ఇంట్లో దక్కేది కాదు. మా వాడైతే రెండు రోజులు ఆడి మంచం కిందకు తోసేసేవాడు.

సరుకులు అసలు వద్దని కాదు. 2020 లాక్‌డౌన్‌లో కూలి లేదు, తుక్కు దుకాణాలు మూత. అప్పుడు బియ్యం, పప్పు, నూనె, సబ్బులే కావాలి, అవే ఇచ్చాం. గుడిసెలు కాలినప్పుడు, వానలకు టార్పాలిన్లు లేచిపోయినప్పుడు కూడా అంతే. కానీ ఆదివారం ఆదివారం సంచులతో వెళ్లే మనిషిని పిల్లలు సంచి కోసమే చూస్తారు. మేము ఇప్పుడు పట్టుకెళ్లేవి అరటిపళ్లు, పల్లీపట్టీ, ఒక్కోసారి ఉడకబెట్టిన గుడ్లు. అందరికీ సరిపడా ఉంటేనే తీస్తాం. రంజాన్ నెలలో అవీ ఉండవు.

ఎలా మొదలుపెట్టాలి

నేరుగా కారు వేసుకుని వెళ్లకండి. అక్కడ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తరఫున పనిచేసేవాళ్లు, చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థల వాళ్లు, మదర్సాలతో పాటు మామూలు చదువు చెప్పే సెంటర్లు నడిపేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకరి ద్వారా వెళ్లండి. మీ ఆధార్ కాపీ, ఫోటో అడుగుతారు, ఎందుకొచ్చారని నాలుగు ప్రశ్నలు వేస్తారు. అలా అడగని సంస్థ అయితే నాకు అనుమానం. పిల్లలున్న చోటికి ఎవరు పడితే వాళ్లు రాకూడదు కదా.

క్యాంపులో పెద్దమనిషి ఒకాయన ఉంటారు. ఆయనకు చెప్పకుండా ఏమీ మొదలుపెట్టకండి. అక్కడి గుడిసెలు ప్రైవేటు స్థలంలో అద్దెకు వేసుకున్నవి. స్థలం యజమాని, పెద్దమనిషి, సంస్థ, ఈ ముగ్గురికీ మీరు ఎవరో తెలిసి ఉండాలి. మేము మొదటి నెల చాప మీద కూర్చుని టీ తాగడం తప్ప ఏమీ చేయలేదు. ఆ నెల వృథా కాలేదు.

చదువు చెప్పడమంటే ఏం చెప్పడం?

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే.

మొదట తెలుసుకోవాల్సింది, అక్కడ ఇప్పుడున్న పిల్లల్లో చాలామంది యుద్ధం చూడలేదు. ఇక్కడే పుట్టారు. "మీదే ఊరు" అంటే "బాలాపూర్" అంటారు. ఇంట్లో రోహింగ్యా మాట్లాడతారు, అది చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గర. వీధిలోకి వస్తే మన హైదరాబాదీ హిందీ, నక్కో, హౌ, కైకూ అన్నీ వచ్చు. బడిలో తెలుగు, ఇంగ్లీషు. మసీదులో అరబీ. ఆరేళ్ల పిల్ల ఇన్ని భాషలు, లిపుల మధ్య నలుగుతుంటుంది. రోహింగ్యా భాషకు 1980లలో మహమ్మద్ హనీఫ్ అనే ఆయన ఒక లిపి తయారుచేశారు, 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. మా క్యాంపులో మాత్రం అది చదవగలిగే పిల్లలు నాకు తగల్లేదు.

లెక్కలు చెప్పబోయి నేనే పాఠం నేర్చుకున్నాను. పదకొండేళ్ల పిల్ల ఒకతి. పలక మీద పన్నెండు ఇంటూ ఏడు వేస్తే తలదించుకుని కూర్చుంది. ఏమీ రాదనుకున్నాను. మాటల్లో పెట్టి అడిగాను: సీసాలు మూడున్నర కిలోలు, కిలో పద్దెనిమిది, ఎంత? కన్ను మూసి తెరిచేలోగా "తిర్‌సఠ్" అంది. నేను శభాష్ అనేలోపే, "లేకిన్ సేఠ్ సాఠీచ్ దేతా" అని కలిపింది. అరవై మూడే గానీ సేఠ్ అరవయ్యే ఇస్తాడట! ఆ రోజు నుంచి నా లెక్కలన్నీ త్రాసు మీదనే నడిచాయి. అర, పావు, ముప్పావు దానికి నేను చెప్పక్కర్లేదు, వాటిని కాగితం మీద ఎలా రాస్తారో చెప్తే చాలు. ఆరు నెలల్లో భిన్నాల్లో మా స్కూలు ఏడో తరగతి వాళ్లను దాటిపోయింది.

తెలుగు సంగతి ఇంకా తమాషా. గుడిసెల గోడలు పాత ఫ్లెక్సీలతో కడతారు. నాయకుల మొహాలు, పుట్టినరోజు బ్యానర్లు, ఏది దొరికితే అది. ఒక పిల్లాడు "శ" అక్షరం రాసినప్పుడల్లా తలకిందులుగా రాసేవాడు. ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఓ రోజు వాడి ఇంట్లోకి వెళ్తే సంగతి తెలిసింది. వాడు పడుకునే చోట గోడంతా "నూతన సంవత్సర శుభాకాంక్షలు", కట్టినవాళ్లు తిరగేసి కట్టారు. పుట్టినప్పటి నుంచి వాడు చూసిన తెలుగు అది. మా ఆయన వెళ్లి ఆ ఫ్లెక్సీ విప్పి సరిగ్గా తిప్పి కట్టారు. వాడు ఒప్పుకోలేదు. కొత్తగా ఉందని రెండు రోజులు ఏడ్చాడట.

అంటే నేను చెప్పొచ్చేది, మీరు ఐటీ వాళ్లు కదా అని కోడింగ్ క్లాసులు, ల్యాప్‌టాప్‌లు మొదలెట్టకండి. బడిలో చేరిన పిల్ల అక్కడ నిలబడటానికి కావాల్సిన చదవడం, రాయడం, నాలుగు లెక్కలు చాలు.

"ఏం జరిగింది" అని అడగొద్దు

ఇది మీ పాపకు కూడా ముందే చెప్పండి. మాతో ఒకసారి ఒక బృందం వచ్చింది. అందులో ఒకావిడ ఫోన్ కెమెరా ఆన్ చేసి, ఒక పెద్ద పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడ నువ్వేం చూశావో చెప్పమ్మా అని మొదలుపెట్టింది. ఆ పిల్ల గడగడా చెప్పేసింది. ఇదివరకు ఎంతమందికి చెప్పిందో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు దించాలో దానికి తెలుసు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ రాత్రి ఆ పిల్ల నిద్రపోలేదని వాళ్లమ్మ తర్వాత చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్ల కోసం ఒక మార్గదర్శిని వేసింది. అందులో సారం మూడు పనులే: గమనించు, విను, సాయం దొరికే చోటుతో కలుపు. తవ్వమని ఎక్కడా లేదు. పిల్ల తనంతట తను చెప్తే వినండి, మధ్యలో "అయ్యో" అని ఏడవకండి, మాట ఇవ్వలేనివి ఇవ్వకండి. ఒక పిల్లాడు చీటికీ మాటికీ కొడుతున్నా, మాట పూర్తిగా మానేసినా, పక్క తడుపుతున్నా మీరే డాక్టర్ అయిపోకండి. సంస్థవాళ్లకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, మీరేం చేయాలో అడగడానికి కూడా చేయొచ్చు.

ఇప్పుడు మొదట్లో కటువుగా అన్న మాట సంగతి. ఈ పిల్లల చుట్టూ ఉన్నవేవీ రేపటికి ఉంటాయన్న నమ్మకం లేదు. గుడిసె ఖాళీ చేయమంటారు. నాన్నకు పని ఉండదు. పక్కింటివాళ్లు రాత్రికి రాత్రి ఇంకో ఊరు పోతారు. అలాంటి చోటికి మనం నాలుగు వారాలు వెళ్లి, ముద్దు చేసి, ఐదో వారం అప్రైజల్ ఉందని మానేస్తే పోయేవాటిలో మనమూ ఒకటి అవుతాం. నేను రెండు ఆదివారాలు జ్వరంతో వెళ్లలేదు. మూడో వారం వెళ్తే ఓ చిన్నది నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. పక్కనున్నది "మర్‌గయీ బోలే" అంది. నేను పోయాననే అనుకున్నారు! అప్పటి నుంచి రాలేనప్పుడు ముందు వారమే చెప్తాను, లేదా పెద్దమనిషికి ఫోన్ చేసి పిల్లలకు స్పీకర్‌లో వినిపిస్తాను.

కాగితాలు: పెద్దవాళ్లు చేయాల్సిన అసలు పని

మీ ఇద్దరిలో ఒకరికి పిల్లలతో కూర్చునే ఓపిక లేకపోతే సిగ్గుపడక్కర్లేదు. మా ఆయనకూ లేదు. ఆయన చేసిందంతా నీలోఫర్ ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించడం, ఏ కిటికీ దగ్గర నిలబడాలో చూపించడం, మందుల చీటీ మీద పొద్దున్న, రాత్రి బొమ్మలు గీసివ్వడం. నా పాఠాల కంటే అదే ఎక్కువ పనికొచ్చిందని నా అనుమానం.

ఇంకో పెద్ద పని జనన ధ్రువపత్రం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుకా నమోదు కావాలి, తల్లిదండ్రులు ఏ దేశస్తులన్నది దానికి అడ్డు కాదు. నమోదైనంత మాత్రాన పౌరసత్వం రాదు, అది వేరే విషయం. 2004 డిసెంబరు 3 నుంచి ఇక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం కావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలి, రెండోవారు అక్రమంగా వచ్చినవారై ఉండకూడదు. కానీ ఆ కాగితం లేకపోతే బిడ్డ పుట్టినట్టే రుజువు ఉండదు. 21 రోజుల్లోపైతే ఉచితం, సులువు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి పుట్టినతేదీకి ఇదే రుజువు అని చట్టం మార్చారు. కాబట్టి క్యాంపులో ఎవరైనా గర్భిణి ఉంటే ఆస్పత్రి కాన్పు అయ్యేలా, డిశ్చార్జ్ కాగితంలో పేర్లు తప్పుల్లేకుండా పడేలా చూడటం పెద్ద సాయం. "నూర్" అనే పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా పడితే ఆ పిల్లకు పదిహేనేళ్ల పాటు తలనొప్పి.

బడి ప్రవేశం దగ్గర ఆధార్ గొడవ తప్పదు. మేము ముగ్గురు పిల్లల్ని తీసుకుని ఒక బడికి వెళ్తే ఆధార్ లేనిదే కంప్యూటర్ తీసుకోదన్నారు. రెండోసారి విద్యాహక్కు చట్టంలో 14వ సెక్షన్ ప్రింటు తీసుకెళ్లాను, వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం కాదనకూడదని అందులో ఉంది. మూడోసారి హెడ్మాస్టర్ గారు "మేడం, మీరు ప్రతి వారం వస్తారా ఏంటి?" అన్నారు. "వస్తాను సార్, ఆదివారం తప్ప ఎప్పుడైనా" అన్నాను. చేర్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డాయన కాదు, పై ఆఫీసు అంటే భయం. ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పిల్లలు ముందు ప్రభుత్వ బడులకు వెళ్లి ప్రవేశం అడగాలని, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చని చెప్పింది. ఇప్పుడు వెళ్లేవాళ్లకు అది చేతిలో ఉంటే మంచిది. గొంతు పెంచకండి. మీరు అరిచి వచ్చేస్తారు, రేపు ఆ గదిలో కూర్చోవాల్సింది పిల్ల.

చట్టం దగ్గర జాగ్రత్తలు

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు ఉన్నా ప్రభుత్వం లెక్కలో వాళ్లు విదేశీయులే. అందుకని ఈ మూడూ గట్టిగా పట్టుకోండి.

ఎవరికీ ఆధార్, ఓటరు కార్డు ఇప్పించే పనిలో చేయి పెట్టకండి. అడ్రస్ రుజువుగా మీ ఇల్లు రాయించడం, సాక్షి సంతకం పెట్టడం, మీ పేరు మీద సిమ్ తీసివ్వడం, ఏదీ వద్దు. జాలిపడి చేసినా కేసు కేసే. ఇరుక్కునేది మీరే కాదు, ఆ కుటుంబం కూడా.

అమెరికాలో అన్నయ్య పంపే డాలర్లు. మనకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. వాట్సాప్‌లో మీరు చేస్తున్నది చూసి బంధువులు డబ్బు పంపుతామంటారు. ఇంకా భారతీయ పాస్‌పోర్టే ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా తమ సొంత డబ్బు పంపితే ఒక లెక్క. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం కిందకు వస్తుంది, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది. మీ ఖాతాలోకి తీసుకుని పంచకండి. ఆ అనుమతి ఉన్న సంస్థకు నేరుగా పంపమనండి. మా ఆయన బ్యాంకు మనిషి కాబట్టి మొదటి రోజే ఈ గీత గీశారు, లేకపోతే మేమూ పడేవాళ్లం.

ఫోటోలు వద్దు. మా అమ్మాయి రెండో నెలలో ఒక పాపతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టింది. మంచి ఉద్దేశమే. మరుసటి రోజు ఆ పాప తండ్రి పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తీసేయమ్మా అని. అక్కడ మయన్మార్‌లో ఊళ్లో ఇంకా అతని తల్లి ఉందట, ఇక్కడి స్థలం యజమాని చూస్తే ఇంకేం అంటాడో అన్న భయం కూడా. వెంటనే తీసేశాం. పదమూడేళ్ల పిల్లకు ఆ అరగంట నేను చెప్పే నాలుగు లెక్చర్ల కంటే ఎక్కువ నేర్పింది.

పిల్లల రక్షణ గురించి విడిగా చెప్పక్కర్లేదనుకుంటా: ఏ పిల్లతోనూ ఒంటరిగా గదిలో ఉండకండి, ఒక్క పిల్లకే కానుక ఇవ్వకండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం మీ బాధ్యత, ఐచ్ఛికం కాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

ఇందులో నేను ఓడిపోయింది కూడా చెప్పాలి. పదిహేనేళ్ల పిల్ల, చదువులో చురుకు. వరుసగా రెండు వారాలు రాలేదు. నిశ్చితార్థం అయిందని గుసగుస. నేను ఇంటికెళ్లి తల్లితో మాట్లాడదామా, 1098కి చెప్దామా అని ఒక వారం తర్జనభర్జన పడ్డాను. తల్లితో నాకున్న స్నేహం చెడుతుందని భయం. ఆ వారంలో వాళ్లు ఢిల్లీ వైపు వెళ్లిపోయారు. దాని నోట్‌బుక్ ఇప్పటికీ మా అల్మారాలో ఉంది. సగం వరకు రాసుంది. మీకు అలాంటి వార్త తెలిసిన రోజే ఫోన్ చేయండి, వారం ఆగకండి.

మీ పిల్లల్ని ఎప్పుడు, ఎలా

మూడు నెలల తర్వాత తీసుకెళ్లండి. "పాపం" చూపించడానికి మాత్రం కాదు. "చూశావా, వాళ్లకు ఏమీ లేదు, నువ్వు అన్నం పారేస్తున్నావు" అనే డైలాగు కారులో కూడా వద్దు. ఆ పిల్లలు మీ పిల్లలకు బుద్ధి చెప్పే బొమ్మలు కాదు. మీ పాపకు ఒక పని ఉండాలి: హాజరు రాయడం, పెన్సిళ్లు చెక్కడం, చిన్నవాళ్లకు కథ చదవడం. ఎనిమిదేళ్ల బాబుకైతే ఒకే పని, ఆడుకోవడం. మా వాడు గోలీలు అక్కడే నేర్చుకున్నాడు.

వాడు తొమ్మిదో తరగతికి వచ్చాక కోచింగ్ పేరుతో మానేశాడు. నాకు బాధేసింది, బలవంతం చేయలేదు. అమ్మాయి మాత్రం ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాది, నా క్లాసుల్లో సగం తనే చెప్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. మీకూ ఇలాగే కావొచ్చు.

అత్తగారి సంగతి. ఆవిడది శ్రీకాకుళం వైపు. ఆ రోజుల్లో అక్కడివాళ్లు రంగూన్‌ని రంగం అనేవారు, ఇంటికొకరు రంగం పోయినవాళ్లే. ఆవిడ పుట్టింది రంగంలో, తండ్రి బియ్యం మిల్లులో పని. 1942లో జపాన్ వాళ్లు వస్తున్నారని నాలుగైదు లక్షల మంది మనవాళ్లు బర్మా (ఇప్పటి మయన్మార్) వదిలారు. వీళ్లు ప్రోమ్ నుంచి కొండలు దాటి టాంగప్ దాకా నడిచారు, అక్కడి నుంచి పడవలో చిట్టగాంగ్. అంటే నడిచింది ఈ అరకాన్ (ఇప్పటి రఖైన్) నేల మీదే. అప్పటికి ఆవిడకు ఎనిమిదేళ్లు, దారిలో కలరాకు తమ్ముడు పోయాడు. ఈ కథ ఆవిడ మాకు ముక్కలు ముక్కలుగానే చెప్పారు, ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

మొదటిసారి క్యాంపుకు తీసుకెళ్లినప్పుడు ఆవిడను ఒక గుడిసె ముందు నులకమంచం మీద కూర్చోబెట్టి నేను క్లాసుకు పోయాను. పక్కన ఆవిడ వయసుదే ఒక ముసలమ్మ వక్క కొరుకుతూ ఉంది. ఒకరికి హిందీ అంతంత మాత్రం, ఇంకొకరికి తెలుగు రాదు. గంట తర్వాత వచ్చేసరికి అత్తగారు ఆమె వైపు వంగి "థమిన్ సా పీ బీలా?" అంటున్నారు. బర్మా భాషలో అన్నం తిన్నావా అని. ఎనభై మూడేళ్ల మనిషి నోట ఆ మాట మేము ఎప్పుడూ వినలేదు. ముసలమ్మ నోట్లో వక్క అలాగే ఉండిపోయింది. తర్వాత "సా పీ బీ" అంది, తిన్నానని. ఇద్దరికీ కలిపి బర్మా మాటలు పాతికకు మించి రావు. వాటితోనే నాలుగేళ్లు కబుర్లు చెప్పుకున్నారు. 2021లో అత్తగారు పోయినప్పుడు ఆ ముసలమ్మ మనవడితో ఒక డబ్బా నిండా వక్కపలుకులు పంపింది.

"మన పేదోళ్లు లేరా, వాళ్లకెందుకు" అని మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. నేను వాదించడం మానేశాను. మనసు ఒప్పకపోతే ఇంకో దారి ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలైనప్పుడు బస్తర్ ఊళ్లు వదిలి మన ములుగు, భద్రాద్రి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసీల పిల్లలూ యుద్ధం తరిమిన పిల్లలే. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, అడవిలో గుడిసె ఎప్పుడు తీసేస్తారో తెలియదు. కాకపోతే ప్రతి వారం వెళ్లే దూరం కాదు. సెలవుల్లో పదేసి రోజులు ఉండగలిగితే అక్కడి సంస్థల్ని అడగండి. మీ పాప టీవీలో చూసిన సూడాన్ వాళ్లు, ఇంకా యెమెన్ వాళ్లు మన టోలిచౌకిలోనూ ఉన్నారు. వాళ్లకు ఎక్కువగా ఫీజులు, వీసాల సమస్య, మనలాంటివాళ్లు ఆదివారం వెళ్లి చేసేది తక్కువ.

ఖర్చు అడగలేదు గానీ చెప్తాను. పెట్రోలు కాక మాకు నెలకు రెండున్నర వేలు దాటదు. పళ్లు, నోట్‌బుక్కులు, ఎవరికైనా ఆటో చార్జీ.

మొదటి ఆదివారం వెళ్లేటప్పుడు చెప్పులు తేలిగ్గా విప్పేవి వేసుకోండి, సల్వార్ లేదా చీర. తాగే నీళ్లు మీరే పట్టుకెళ్లండి, వాళ్ల బిందెలో నీళ్లు కొన్నవి. క్లాసు తొమ్మిదికి పెట్టండి. పదిన్నర ప్రాంతంలో ట్యాంకర్ వస్తుంది. హారన్ వినపడగానే మీరు ఎంత మంచి కథ చెప్తున్నా సరే పిల్లలందరూ బిందెల కోసం పరిగెడతారు. కోప్పడకండి. వెనకే వెళ్లి పైపు పట్టుకోండి, దాన్ని పట్టుకోవడానికి ఎప్పుడూ ఒక చేయి తక్కువే పడుతుంది.